పంక్తిలో పుట్టిన నీతి

దైవభీతి లేనివాడికి నీతి ఎక్కడిదన్న ప్రశ్న మానవవాదుల్ని ప్రతి తరంలోనూ వెంటాడుతూనే వచ్చింది. చేసిన పాపం కట్టి కుడుపుతుందన్న భయం, చేసిన పుణ్యం మరుజన్మలోనైనా ఫలిస్తుందన్న ఆశ, ఎవరూ చూడని చోట కూడా చూసేవాడొకడు ఉన్నాడన్న జంకు తొలగిపోతే మనిషిని అదుపులో ఉంచేది ఏమిటన్నది ఆ ప్రశ్న వెనుక ఉన్న నిజమైన ఆందోళన. కరువు, తుఫాను, మతకలహం, నిరంకుశ పాలన వంటి గడ్డుకాలాల్లో ఈ ఆందోళన మరింత పెరుగుతుంది. అలాంటి రోజుల్లో జనం ముందుగా వెతుక్కునేది తమకు తెలిసిన గుడినీ, మసీదునూ, చర్చినీ, అక్కడ దొరికే ఓదార్పునూ, గుప్పెడు మెతుకులనూ. దేవుడి ఊసు లేకుండా మంచి చేయడం, పదిమందిని కూడగట్టడం సాధ్యమేనా అన్న సందేహానికి తెలుగువారి పుస్తకాల్లో జవాబులు లేకపోలేదు గాని, 1940 తర్వాత కృష్ణా, గుంటూరు, నిజామాబాద్ జిల్లాల్లో కొందరు స్త్రీపురుషులు చేతులతో చేసి చూపిన పనిలో దొరికే జవాబు వాటన్నిటికంటే బలమైనది.

ఈ చర్చలో తరచు కలగాపులగమయ్యే మూడు మాటల్ని ముందుగా విడదీసుకోవాలి. ఏ విషయాన్నైనా ప్రమాణం అడిగి, పరీక్షించి, ఆ తర్వాతే ఒప్పుకోవడమో కాదనడమో చేసే ఆలోచనా పద్ధతి హేతువాదం. ఆ పరీక్షలో దేవుడి ఉనికి నిలవదని తేల్చుకోవడం నాస్తికత్వం. మనిషి బతుకుకు విలువా గమ్యమూ ఈ లోకంలోనే, తోటి మనుషుల మధ్యనే ఏర్పడతాయని, వాటికి మనిషే పూచీ పడాలని చెప్పే విలువల దృష్టి మానవవాదం. మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయినవాడు వాదనలో ఎంత గట్టివాడైనా పొరుగువాడికి ఏ మేలూ చేయకుండానే జీవితం గడిపేయవచ్చు, మూడోదానికి వచ్చేసరికి ఆ వెసులుబాటు ఉండదు. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏర్పడిన అంతర్జాతీయ మానవవాద సమాఖ్య ఆ ఏడాదే ఒక ప్రకటన చేసి, ఆ తర్వాత దాన్ని కాలానికి తగినట్టు సవరిస్తూ, 2022లో గ్లాస్గోలో ఇప్పటి రూపానికి తెచ్చింది. ప్రాణులు బాధపడగలవు, సుఖించగలవు అన్న వాస్తవం మీదే నీతి నిలబడుతుందని, దానికి మనిషి వెలుపల వేరే ఆధారం అక్కర్లేదని ఆ ప్రకటన సారాంశం.

ఇదే మాటను భారతదేశంలో అంతకుముందే ఒక తత్వంగా తీర్చిదిద్దినవాడు ఎం.ఎన్. రాయ్. బెంగాల్ విప్లవకారుడిగా మొదలై, మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో పాలుపంచుకొని, కమ్యూనిస్టు ఇంటర్నేషనల్‌లో పెద్ద స్థానాలు చూసి, అక్కణ్ణుంచి బహిష్కృతుడై, 1931లో పట్టుబడి అయిదేళ్లకు పైగా బ్రిటిష్ జైళ్లలో గడిపిన ఈ మనిషి, ఫాసిజం ఒకవైపు, స్టాలిన్ రాజ్యం మరోవైపు మనుషుల్ని ఇంధనంలా వాడుకోవడం చూసిన మీదట, 1946 నాటికి 22 సూత్రాల రూపంలో తన కొత్త మానవవాదాన్ని ప్రకటించాడు. ప్రకృతి నియమబద్ధమైనది, మనిషి ఆ ప్రకృతిలో భాగం, కనుక అతని వివేచన ఎక్కడి నుంచో దిగివచ్చిన వరం కాదు, జీవపరిణామంలో వచ్చిన శక్తి. అంతరాత్మ అని లోకం పిలిచేది కూడా కలిసి బతకవలసిన జీవికి ఆ పరిణామం ఇచ్చిన స్పందనే అన్నది రాయ్ వాదన. భయంతోనో ప్రలోభంతోనో చేసే మంచి పోలీసు కాపలాలో పాటించే క్రమశిక్షణ వంటిదే తప్ప నీతి కాదని, స్వేచ్ఛగా ఎంచుకున్నప్పుడే ఏ పనికైనా నైతిక విలువ వస్తుందని అతడు తేల్చాడు. జాతి, వర్గం వంటి సమష్టి పేర్ల ముందు వ్యక్తిని బలిపెట్టే హక్కు ఎవరికీ లేదని స్వాతంత్ర్యం, విభజన నడుమ దేశం ఊగిపోతున్న రోజుల్లో అనగలగడం సామాన్యమైన ధైర్యం కాదు. అంతకంటే అరుదైన పని, అధికారం కోసం జరిగే పోటీ నీతిని తినేస్తుందని నమ్మి, తాను స్థాపించిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీని 1948 చివర కలకత్తా సమావేశంలో తానే రద్దు చేసుకోవడం.

రాయ్ భావాలు ఆంధ్రప్రాంతంలో పడింది దున్ని ఉన్న నేల మీద. అప్పటికే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి సూతపురాణం వంటి రచనలతో పురాణాల్ని నిలదీసి, తెనాలి పురపాలక సంఘం అధ్యక్షుడిగా గంగమ్మ జాతరలో జంతుబలిని ఆపించి, సంస్కృత మంత్రాలకు బదులు తెలుగులో పెళ్లితంతు నడిపే వివాహవిధిని రాసి ఉన్నాడు. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ తాము చేస్తున్న ప్రమాణమేమిటో అర్థమై తీరాలన్న పట్టుదలలో ఎంత నీతి ఉందో, మంత్రాల అర్థం తెలియకుండానే ముడిపడిన లక్షలాది దాంపత్యాలను తలచుకుంటే తెలుస్తుంది. తెనాలి న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి ఆ బాటలోనే అనేక పెళ్లిళ్లు జరిపించాడు; కవి అబ్బూరి రామకృష్ణారావు రాయ్‌కు తెలుగునాట తొలి అనుచరుల్లో ఒకడయ్యాడు; రామస్వామి కుమారుడు గోపీచంద్ రాయ్ పార్టీ కార్యదర్శిగా పనిచేస్తూనే, ఎందుకని అడగటం నేర్పినందుకు తండ్రికి అంకితమిచ్చిన అసమర్థుని జీవయాత్ర నవల రాశాడు. ఆ నవలలోని సీతారామారావు ప్రశ్నించడం తెలియనివాడేమీ కాదు, తెలివితక్కువవాడు అంతకన్నా కాదు. తోటి మనుషులతో ముడి తెగిపోయి, తన లోపలి సుడిలోనే తిరిగి తిరిగి శ్మశానం దాకా చేరిన అతని కథను, సంఘం నుంచి విడిపోయిన వివేచన మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో ఒక మానవవాదే ఇచ్చిన హెచ్చరికగా చదవవచ్చు.

ముదునూరు ప్రయోగం

సరిగ్గా ఆ ముడి దగ్గరే గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, మిగిలిన హేతువాదుల నుంచి వేరుపడతాడు. 1902లో గంజాం ప్రాంతపు ఛత్రపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చేసి, జంధ్యం తీసేసినందుకు పుట్టింటి నీడ పోగొట్టుకొని, నాస్తిక భావాలు దాచుకోనందుకు కాకినాడలోనూ మచిలీపట్నంలోనూ అధ్యాపక ఉద్యోగాలు వదులుకోవలసి వచ్చిన గోరా, 1940 ఆగస్టులో కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థుల ఆహ్వానం మీద భార్యాపిల్లలతో ఆ ఊరు చేరి నాస్తిక కేంద్రాన్ని మొదలుపెట్టాడు. ఆ కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారి నేటికీ అక్కడే ఉంది. అతని సహచరి సరస్వతి పదేళ్ల వయసులో పెళ్లయి వచ్చిన మనిషి, అయినా నీడలా వెంట నడిచే ఇల్లాలిగా ఉండిపోలేదు. గర్భిణులు గ్రహణం చూడరాదన్న కట్టడిని తాను కడుపుతో ఉన్నప్పుడే ధిక్కరించింది, అంటరానివారితో కలిసి తిన్నందుకు బంధువర్గం వెలివేస్తే భరించింది, క్విట్ ఇండియా ఉద్యమంలో పసిబిడ్డను చంకనేసుకొని జైలుకు వెళ్లింది. గోరా ఖ్యాతిలో ఆమెకు రావలసిన సగం వాటా తెలుగు పాఠకులు ఇంకా పూర్తిగా ఇవ్వలేదనే చెప్పాలి.

గోరా తన సిద్ధాంతానికి సానుకూల నాస్తికత్వమని పేరు పెట్టాడు. దేవుడు లేడని రుజువు చేయడం మీద దానికి పెద్దగా ఆసక్తి లేదు. నుదుటి రాతకో, పూర్వజన్మ కర్మకో, దైవచిత్తానికో తనను అప్పగించుకున్నవాడు తన బతుకుకు తాను బాధ్యుడు కాలేడని, ఆ అప్పగింత మానుకున్న క్షణం నుంచి మంచిచెడ్డల పూచీ మొత్తం తన మీదే పడుతుందని దాని భావం. అంతా చూసే దేవుడు లేనప్పుడు మనిషి నడత తోటి మనుషులకు కనబడేట్టు ఉండాలి గనుక, చాటుమాటు లేని బహిరంగ జీవితమే నీతికి పునాది అని, చెప్పేదీ చేసేదీ ఒకటి కావడమే దానికి కొలమానమని గోరా పట్టుబట్టాడు. దైవభీతి స్థానంలో అతడు పెట్టింది పొరుగువారి చూపు. ఇందులో ఒక చిక్కు లేకపోలేదు: ఊరి కట్టుబాట్లు ఎంత క్రూరంగా ఉంటాయో తెలిసిన సమాజంలో పొరుగువారి చూపుకు అంత అధికారమివ్వడం ప్రమాదమే. అయితే గోరా ఆ చూపుకు తలవంచమనలేదు, దాని ఎదుట దాక్కోకుండా నిలబడి, తప్పయితే దిద్దుకోమని, ఒప్పయితే ఊరినే దిద్దమని అన్నాడు.

ముదునూరులో ఆ దిద్దుబాటుకు ఎంచుకున్న సాధనం అతి మామూలుది, సహపంక్తి భోజనం. పౌర్ణమి రాత్రుల్లో అన్ని కులాలవారూ ఒకే వరుసలో విస్తళ్ల ముందు కూర్చునే ఆ ఏర్పాటు, బయటి కంటికి వనభోజనంలా కనిపించినా, ఊరి నిర్మాణాన్ని వేళ్లతో సహా కదిపే పని. ఎవరి నీళ్లు ఎవరు ముట్టాలి, ఎవరి వంట ఎవరు తినాలి, ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడి చేతులు చాచాలి అన్న నియమాల మీదే కులం నిలబడి ఉన్నప్పుడు, వాదనతో ఒప్పించడం తర్వాతి సంగతి. పక్కన కూర్చుని ఒక ముద్ద తిన్నవాడు అప్పటికే ఒక నైతిక నిర్ణయం తీసేసుకున్నాడు. గోరా ఆ వరుసలోకి రావడానికి నాస్తికత్వాన్ని షరతుగా పెట్టకపోవడం ఇక్కడ గమనించవలసిన విషయం. దేవుణ్ణి నమ్మేవాడూ నమ్మనివాడూ ఒకే బంతిలో కూర్చోగలిగినప్పుడే అది సంఘమవుతుంది, లేకపోతే కొత్త కులమవుతుంది. చాలా ఏళ్ల తర్వాత, 1972లో, స్వాతంత్ర్య రజతోత్సవ దినాన విజయవాడలో గోరా ఆవుమాంసం, పందిమాంసం కలిపి తినే సభ ఏర్పాటు చేసి పెద్ద అలజడి రేపాడు. హిందూ, ముస్లిం నిషేధాలు రెండింటినీ ఒకేసారి దాటాలన్న తర్కం అందులో ఉంది గాని, ముదునూరు పంక్తి చేసిన పనిని ఆ సభ చేసిందని చెప్పలేం. ఒకటి జనాన్ని దగ్గరికి చేర్చింది, రెండోది నలుగురి చేతా మాట్లాడించింది.

గాంధీతో గోరా సంభాషణ ఈ చరిత్రలో మిక్కిలి విలువైన ఘట్టం. ఉత్తరాలతో మొదలైన పరిచయం 1944 చివర సేవాగ్రామ్‌లో ముఖాముఖి సంభాషణకు దారితీసింది. బెంగాల్ కరువు రోజుల్లో కలకత్తా వీధుల్లో తినుబండారాల దుకాణాల ఎదుటే జనం ఆకలితో చచ్చిపోతూ కూడా చెయ్యెత్తకపోవడం గోరాను కలచివేసింది. తమ చావును కర్మఫలంగా ఒప్పుకోవడం నేర్పిన విశ్వాసమే వారి చేతులు కట్టేసిందని, ఆ నమ్మకం పోతే మనిషి తనను తాను కాపాడుకోవడానికీ పక్కవాణ్ణి కాపాడటానికీ లేచి నిలబడతాడని అతడు గాంధీ ముందు వాదించాడు. ఆకలిచావుల వెనుక ధరలు, యుద్ధం, పాలకుల నిర్దయ వంటి బలమైన కారణాలుండగా నింద అంతా విశ్వాసం మీద మోపడం సరికాదని నేటి పాఠకుడు అనవచ్చు, అనాలి కూడా. అయినా గాంధీ ఆ మాటను తోసిపుచ్చలేదు. నాస్తికత్వం ప్రచారంతో నిలవదని, గోరాకు దక్కిన ఆదరణ అతని చిత్తశుద్ధి వల్ల వచ్చిందని మొదట్లో అన్న గాంధీయే, మాటలు ముదిరేకొద్దీ తన ఆస్తికత్వమే సరైనదనీ గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనని, ఇద్దరూ సత్యాన్ని వెతికేవారే అని ఒప్పుకొనే దాకా వచ్చాడు.

ఈ ఒప్పుకోలుకు ఒక పెళ్లి గీటురాయి అయింది. గోరా తన పెద్ద కుమార్తెకు దళిత యువకుడితో వివాహం నిశ్చయిస్తే, దాన్ని సేవాగ్రామ్‌లో తన సమక్షంలో జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చాడు; నాస్తికుల నోట దేవుడి పేరు మీద ప్రమాణం చేయించడం అసత్యమవుతుంది గనుక అక్కడ సత్యం పేరు ఉంచడానికి కూడా సమ్మతించాడు. 1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యాడు. మార్చిలో ఆ పెళ్లి అనుకున్నట్టే సేవాగ్రామ్‌లో జరిగింది. మతద్వేషం ఒక మహావృక్షాన్ని కూల్చిన కొద్ది వారాలకే, దేశమంతా శరణార్థుల గుడారాలు నిండి ఉన్న రోజుల్లో, రెండు కులాల మనుషులు దేవుడి పేరు లేకుండా, దైవభక్తుడి ఆశ్రమంలో ఒకటి కావడం కంటే మానవవాద నీతికి స్పష్టమైన నిదర్శనం దొరకదు. ఈ సంభాషణల్ని గోరా పుస్తకంగా రాస్తే 1951లో నవజీవన్ సంస్థ ప్రచురించింది. దానికి పీఠిక రాసిన కిశోర్‌లాల్ మశ్రూవాలా కూడా గాంధీ మార్గంలోని ఆస్తికుడే.

గోరా తర్వాతి దశలో రాజకీయ ఆడంబరం మీదికి మళ్లాడు. మంత్రులు ప్రజల్లాగే నిరాడంబరంగా బతకాలని, పార్టీల్లేని ప్రజాస్వామ్యం కావాలని కోరుతూ 1961–62లో సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి పాదయాత్ర చేశాడు. తిండి కొరత ఉన్న కాలంలో ప్రభుత్వ తోటల్లో పూలమొక్కలకు బదులు కూరగాయలు పండించాలని సత్యాగ్రహం నడిపాడు. 1975 జూలైలో ఒక సభలో మాట్లాడుతూనే కుప్పకూలి కన్నుమూశాడు.

దొంగలనబడినవారి మధ్య

నాస్తిక కేంద్రం నీతిని కొలవడానికి గోరా వాదనల కంటే ఆయన కొడుకు లవణం, కోడలు హేమలత చేసిన పనులు మెరుగైన ప్రమాణం. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినందుకు ఆ పేరు పొందిన లవణం, గుర్రం జాషువా కుమార్తె హేమలత ఇద్దరూ వినోబా భావే భూదాన యాత్రల్లో నడిచినవారు. చంబల్ లోయలో బందిపోట్లు వినోబా ఎదుట ఆయుధాలు దించిన సన్నివేశాలు ఆమె మీద చెరగని ముద్ర వేశాయి. 1970లలో వారు గుంటూరు జిల్లా స్టువార్టుపురంలో, నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్పలో సంస్కార్ అన్న పేరుతో పని మొదలుపెట్టారు.

ఆ ఊళ్ల చరిత్ర తెలియకపోతే ఆ పని బరువు తెలియదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం, మనిషి చేసిన పనిని చూడకుండా పుట్టిన కులాన్ని బట్టి నేరస్థుడని ముద్రవేసే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైన ఆ చట్టం కిందే ఎరుకల కుటుంబాల్ని తెచ్చి కాపలా మధ్య ఉంచడానికి స్టువార్టుపురం సెటిల్‌మెంటు పుట్టింది. హెరాల్డ్ స్టువార్ట్ అనే ఉన్నతాధికారి పేరు దానికి పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అన్న క్రైస్తవ సేవాసంస్థకు అప్పగించారు. 1952లో చట్టం రద్దయినా ముద్ర రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు అక్కడికే రావడం, ఆ ఊరి పేరు చెబితే కూలిపని కూడా దొరకకపోవడం, పని దొరకని మగవాడు మళ్లీ దొంగతనానికే పోవడం ఒక విషవలయమైంది. తెలుగు సినిమాలు కూడా ఆ ఊరి పేరును దొంగకు మారుపేరుగా వాడుకొన్నాయి. హేమలత, లవణం అక్కడికి ధర్మపన్నాలు వల్లించడానికి వెళ్లలేదు. దొంగ భార్య రాత్రి ఎలా గడుపుతుందో, బిడ్డ బడిలో ఏం వింటాడో తెలుసుకొని, చదువు, పని, పోలీసులతో మాటామంతీ, ప్రభుత్వం నుంచి భూమి, సహాయం ఇలా ఒక్కో ముడీ విప్పుతూ ఏళ్ల తరబడి అక్కడే తిరిగారు. పుట్టుకతో దొంగ ఉండడన్న ఒక్క నమ్మకం మీద ఆ పనంతా నడిచింది. పూర్వజన్మ ఫలంగానో రక్తదోషంగానో నేరాన్ని చూసే లోకంలో, మనిషి మారగలడన్న నమ్మకమే మానవవాదం ఇవ్వగలిగిన అసలైన ఆశ, అది మరే ఓదార్పుకూ తీసిపోదు.

నిజామాబాద్ జిల్లాలో జోగినుల సమస్య దగ్గరికి వచ్చేసరికి ఇదే దృష్టి మరో రూపం తీసుకుంది. దళిత బాలికల్ని ఎల్లమ్మ, పోశమ్మ వంటి దేవతల పేర అంకితం చేసి, ఊరి పెద్దల కామానికి వదిలేసే ఆ ఆచారాన్ని ఎదుర్కొనేటప్పుడు ఆ స్త్రీలను పతితలుగా కాక అన్యాయానికి గురైన తోబుట్టువులుగా చూడటం ముఖ్యమైంది. వర్ని గ్రామంలో వారికోసం నెలకొల్పిన పునరావాస కేంద్రానికి చెల్లి నిలయం అన్న పేరు పెట్టడంలోనే ఆ చూపు ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మెదక్ ప్రాంతంలో బాణామతి భయం చెలరేగిన 1980లలో కేంద్రానికి చెందిన వైద్యుడు సమరం వంటివారు ఊళ్లకు వెళ్లి, చేతబడిగా జనం భావించిన మూర్ఛలకూ వింత ప్రవర్తనలకూ వెనుక ఉన్న మానసిక, శారీరక కారణాల్ని వివరించారు. మంత్రాలు పలకలేకుండా చేయాలని, మంత్రగాళ్లన్న అనుమానితుల పళ్లు ఊడగొట్టడం అప్పట్లో పరిపాటి అన్న సంగతి గుర్తుంటే, హేతువాదం కాలక్షేపపు చర్చ కాదని, కొన్నిచోట్ల అది ఒక ముసలిమనిషి ప్రాణానికి కాపలా అని అర్థమవుతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి, అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయినప్పుడు, ఆ బురదలోకి దిగినవారిలో రామకృష్ణ మిషన్ సన్న్యాసులూ, క్రైస్తవ సంస్థలవారూ, నాస్తిక కేంద్రం కార్యకర్తలూ కూడా ఉన్నారు. ఉబ్బిపోయిన శవాన్ని మోసేటప్పుడు ఒకడు దాన్ని దైవసేవగానూ పక్కవాడు మనిషి రుణంగానూ భావించుకోవచ్చు, మోత మాత్రం ఇద్దరిదీ ఒకటే. విశ్వాసి చేసే సేవ మోక్షాశతో చేసేది గనుక తక్కువదని ఈసడించే నాస్తికులూ, దేవుడు లేనివాడి సేవకు వేళ్లుండవని ఈసడించే ఆస్తికులూ ఆ తీరాన్ని చూసి ఉంటే తమ మాట వెనక్కి తీసుకునేవారే. సహాయం అందించే పద్ధతిలో మాత్రం మానవవాదులు పట్టుబట్టవలసిన తేడా ఒకటుంది: అన్నం పెట్టే చేయి ఎదుటివాడి నమ్మకాన్ని బదులుగా అడగకూడదు, కులాన్ని బట్టి వరుస కట్టించకూడదు.

చంపింది ఎవరైనా

గడ్డుకాలం ప్రకృతి నుంచే రానక్కర్లేదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చాక, రాయ్ శిష్యుడూ బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తీ అయిన వి.ఎం. తార్కుండే, జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి 1976లో పౌరహక్కుల సంస్థను నిర్మించాడు. మరుసటి ఏడాది తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఆంధ్రప్రదేశ్‌లో ఎదురుకాల్పుల పేర జరిగిన హత్యల్ని, ముఖ్యంగా మెదక్ జిల్లా గిరాయిపల్లిలో యువకుల కాల్చివేతను, విచారించి ప్రజల ముందు పెట్టింది. ఆ కృషిలో న్యాయవాది కె.జి. కన్నబిరాన్ పాత్ర పెద్దది. చనిపోయిన నక్సలైట్ల రాజకీయాలతో తార్కుండేకు ఏ మాత్రమూ ఏకీభావం లేదు. తనకు నచ్చని భావాలున్నవాడి ప్రాణానికి కూడా చట్టం ముందు తన ప్రాణానికున్నంత విలువే ఉందని అనడం మానవవాదానికి కఠినమైన పరీక్ష.

ఆ పరీక్షను తర్వాతి తరంలో అంతకన్నా కష్టమైన చోట ఎదుర్కొన్నవాడు కె. బాలగోపాల్. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి, ఉద్యోగం వదిలి, పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా రాజ్యహింసను ఏళ్ల తరబడి బయటపెట్టిన ఈయన, ఉద్యమకారుల తుపాకీకి బలైన సామాన్యుడి విషయంలో మౌనం పాటించడం నీతి కాదన్న అభిప్రాయంతో పాత సంస్థను వీడి, 1998లో సహచరులతో కలిసి మానవహక్కుల వేదికను ఏర్పరిచాడు. ఆయన్ని మానవవాదుల కోవలో చేర్చడం కొందరికి అభ్యంతరం కావచ్చు. మార్క్సిజంతో ఆయన సుదీర్ఘ సంవాదం వేరే చరిత్ర. కాని చంపింది ఎవరన్న దాన్ని బట్టి కాక, చచ్చింది మనిషన్న దాన్ని బట్టి నిలబడే చోటును ఎంచుకోవడం, అందుకోసం సొంత సహచరుల ఆగ్రహాన్ని భరించడం, సమష్టి పేరిట వ్యక్తిని బలిపెట్టరాదని రాయ్ కాగితం మీద రాసిన హెచ్చరికకు తెలుగునేల మీద దొరికిన ఉత్తమ వ్యాఖ్యానం.

ఇంత చేసినా మానవవాదం తెలుగునాట జనోద్యమం కాలేదు. దాని సభల్లో ముందు వరుసల్లో చాలాకాలం కనిపించింది భూమీ చదువూ ఉన్న కులాల మగవారే. సరస్వతి, హేమలత వంటివారు ఆ వరుసను మార్చినా పూర్తిగా మార్చలేకపోయారు. దేవుళ్ల మీద ఎగతాళిని నాస్తిక ప్రచారంగా భావించే అలవాటు, ఏ దిక్కూ లేక ఆ దేవుణ్ణే పట్టుకొని బతుకుతున్న బీదవాణ్ణి మరింత దూరం చేసింది. ఈ లోపాన్ని ముందే చూసినవాడు అంబేడ్కర్. ఒంటరివాడికి ధమ్మం అక్కర్లేదని, ఇద్దరు మనుషులు కలిసి బతకవలసి వచ్చినప్పుడే దాని అవసరం పుడుతుందని బుద్ధుణ్ణి వ్యాఖ్యానించిన ఆయన, 1956 అక్టోబరులో నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించినప్పుడు, దేవుణ్ణి పక్కన పెట్టి కూడా ప్రమాణాల్ని, సామూహిక దీక్షను, పండుగను వదులుకోలేదు. పెళ్లికీ చావుకీ పది చేతులు తోడుండే ఏర్పాటు లేకపోతే నీతి ఎంత గొప్పదైనా వెలివాడ గుమ్మం దాకా రాదని ఆయనకు అనుభవం చెప్పింది.

రాయ్ మాత్రం నిర్మాణమే చివరికి మనిషి మీద స్వారీ చేస్తుందని భయపడి పార్టీని రద్దు చేశాడు. ఆయన తర్వాత ఉద్యమం పత్రికలకూ, అధ్యయన శిబిరాలకూ పరిమితమైంది. నాస్తిక కేంద్రం అంబేడ్కర్ సామూహిక దీక్షకూ రాయ్ నిర్మాణభీతికీ మధ్యదారిలో, వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అన్న మూడు విలువల తొలి అక్షరాలతో పేరు పెట్టుకున్న వాసవ్య మహిళా మండలి వంటి సంస్థల్ని 1969 నుంచి కట్టుకుంటూ వచ్చింది. ఆ మండలిని గోరా కుమార్తె, రెండుసార్లు విజయవాడ లోక్‌సభ సభ్యురాలైన చెన్నుపాటి విద్య ముందుండి నడిపింది. అంతర్జాతీయ మానవవాద సమాఖ్య 1986లో తన పురస్కారాన్ని ఈ కేంద్రానికి ఇచ్చింది. అయితే ఈ పని బరువంతా ప్రధానంగా ఒక్క కుటుంబం, దాని తర్వాతి తరాలు మోశాయి. కులం, వంశం అన్న వారసత్వాల్ని కాదన్న ఉద్యమం తన కొనసాగింపు కోసం చివరికి ఒక ఇంటి మీదే ఆధారపడవలసి రావడం ఆ ఇంటివారి తప్పు కాదు. బయట నుంచి వచ్చి ఆ భుజాలు మార్చుకోవలసినవారు తగినంతమంది రాలేదు.